మర గోడలు మిగిలితే చాలునా?

అమెరికా తూర్పు రాష్ట్రాలలో ఏటి వెంబడి సాగే పాత బాటల మీద ప్రయాణించే వారికి ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. నీటి అంచున రాతితో కట్టిన రెండు మూడంతస్తుల పురాతన కట్టడం. మందమైన గోడలు, వాటిలో చిన్న కిటికీలు. ఒకప్పుడు గోధుమ బస్తాలను పైకి లాగిన తలుపు ఉన్నచోట ఇప్పుడు నిలువెత్తు అద్దం. వాకిట్లో అలంకారంగా ఆనించిన తిరగలి రాయి. అది ఒకనాటి నీటిమర, అంటే ఏటి నీటితో నడిచిన పిండిమర. నేడు నివాస గృహం.

ఇటువంటి ఇంటిని చూసినప్పుడు “ఎంత చక్కగా కాపాడారు!” అని మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. పైకప్పు పోయిన రాతి కట్టడం కొన్ని దశాబ్దాలలోనే శిథిలమవుతుంది. మనుషులు కాపురముంటేనే అది నిలుస్తుంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. గోడలు నిలిచినంత మాత్రాన మర నిలిచినట్లేనా? కాదని నా అభిప్రాయం. నీటిమర మూడింటి కలయిక: గోడ, యంత్రం, ఏరు. మొదటిదాన్ని మాత్రమే కాపాడి తక్కిన రెంటినీ మరచిపోతే మిగిలేది అందమైన రాతి ఇల్లే గాని మర కాదు. ఈ విషయాన్ని చర్చించడానికి పెన్సిల్వేనియా, డెలావేర్ రాష్ట్రాలలో ప్రవహించే బ్రాండీవైన్ నదికి మించిన ఉదాహరణ లేదు.

ఏటి చరిత్రే మర చరిత్ర

బ్రాండీవైన్ పెద్ద నది కాదు. మన వైపు అయితే ఏరు అనే అంటాం. కాని విల్మింగ్టన్ నగరానికి ఎగువన కొద్ది మైళ్ల దూరంలోనే అది వంద అడుగులకు పైగా దిగుతుంది. నీటిశక్తి రెండు అంశాల మీద ఆధారపడుతుంది: ఎంత నీరు పారుతున్నది, అది ఎంత ఎత్తు నుండి దిగుతున్నది. సెకనుకు ఒక ఘనమీటరు నీరు మూడు మీటర్లు దిగితే అందులో ఉండే శక్తి సుమారు 29 కిలోవాట్లు. అందులో మూడింట రెండు వంతులను చక్రం రాబట్టగలిగితే సుమారు ఇరవై ఆరు గుర్రాల బలం చేతికి వచ్చినట్లు. ఆవిరి యంత్రం ఇంకా అరుదుగా ఉన్న రోజులలో ఇది సామాన్యమైన సంపద కాదు.

ఏ చక్రం ఎంత శక్తిని రాబడుతుందో ప్రయోగపూర్వకంగా కొలిచి చూపినవాడు ఆంగ్లేయ ఇంజనీరు జాన్ స్మీటన్. చిన్న నమూనా చక్రాలతో ప్రయోగాలు జరిపి 1759లో ఆయన రాయల్ సొసైటీకి ఫలితాలు సమర్పించాడు. అడుగున పారే నీరు నెట్టగా తిరిగే చక్రం కంటె, పైనుండి తొట్లలోకి పడే నీటి బరువుతో తిరిగే చక్రం, అదే నీటితో, అదే ఎత్తుతో, దాదాపు రెట్టింపు పని చేస్తుందని ఆయన నిర్ధారించాడు. నీటిని ఎత్తుగా నిలపడానికి కట్టలు, నీటిని చక్రం దాకా తెచ్చే కాలువలు ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బ్రాండీవైన్ పరిసరాలలోనే, డెలావేర్‌లోని న్యూపోర్టు గ్రామంలో, 1755లో జన్మించినవాడు ఆలివర్ ఎవన్స్. అంతకుముందు మరలో ధాన్యాన్నీ పిండినీ మనుషులు భుజాన మోసుకొని అంతస్తులు ఎక్కి దిగేవారు. ఎవన్స్ చిన్న తొట్లు కట్టిన పట్టీలతో ధాన్యాన్ని పైకి చేర్చి, మరమేకు ఆకారపు దండాలతో పిండిని అడ్డంగా నడిపించి, వేడి పిండిని ఆరబెట్టే పనిని సైతం యంత్రానికే అప్పగించాడు. బండిలోని ధాన్యం పీపాలోని పిండిగా మారేవరకు మనిషి చేయి దాదాపుగా తగలనక్కరలేదు. 1790లో అమెరికా ప్రభుత్వం జారీ చేసిన మూడవ పేటెంటు ఆయనదే. మౌంట్ వెర్నన్‌లోని తన మరలో జార్జి వాషింగ్టన్ ఈ పద్ధతిని 1791లో అమర్చుకున్నాడు. నేడు మనం స్వయంచాలిత కర్మాగారం అని పిలిచేదానికి తొలి రూపాలలో ఒకటి ఈ పిండిమరలలోనే వెలిసింది.

పిండి ఒక్కటే కాదు. లవాయిజే వద్ద శిక్షణ పొందిన ఇ.ఐ. డ్యుపాంట్ 1802లో ఈ ఏటి ఒడ్డునే తుపాకిమందు మరలను స్థాపించాడు. ఆ మరలకు మూడు వైపుల దిట్టమైన రాతి గోడలు, ఏటివైపు మాత్రం తేలికైన గోడ, తేలికైన పైకప్పు ఉండేవి. ప్రేలుడు సంభవిస్తే దాని ధాటి ఏటి మీదుగా పోవాలని ఈ ఏర్పాటు. అందులో వాడిన సురేకారం చాలాకాలం మన భారతదేశం నుండి దిగుమతి అయ్యేది. 1857లో లామాట్ డ్యుపాంట్ దక్షిణ అమెరికా సోడియం నైట్రేటుతో ప్రేలుడు మందు తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందిన తరువాతనే ఆ అవసరం తగ్గింది. 1921లో మూతపడిన ఆ మరల ప్రాంతం నేడు హేగ్లీ ప్రదర్శనశాల. గోడ ఆకారాన్ని బట్టి అక్కడ జరిగిన రసాయన చర్యను చదవగలగడం అక్కడికి వెళ్లిన ప్రతివారికీ కలిగే అనుభవం.

చిత్రకారుని ఇల్లు

ఈ ఏటి మీద ఇల్లుగా మారిన మరలలో సుప్రసిద్ధమైనది చాడ్స్‌ఫోర్డ్ దగ్గరి బ్రింటన్ మర. 18వ శతాబ్దికి చెందిన ఈ కట్టడాల సముదాయానికి, ఆ ప్రాంతంలో తొలినాళ్లలో స్థిరపడిన బ్రింటన్ కుటుంబం పేరు వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య సమరంలో 1777 సెప్టెంబరు 11న జరిగిన బ్రాండీవైన్ యుద్ధంలో వాషింగ్టన్ సేనలు కాపలా కాసిన రేవులలో బ్రింటన్ రేవు ఒకటి.

19వ శతాబ్దిలో ఇటువంటి మరల ప్రాభవం క్షీణించింది. 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక, తరువాత రైలు మార్గాలు విస్తరించాక, పడమటి మైదానాల గోధుమ చౌకగా రాసాగింది. 1880 ప్రాంతంలో మినియాపోలిస్ కర్మాగారాలు తిరగలి రాళ్లకు బదులు ఉక్కు రోలర్లను ప్రవేశపెట్టాయి. పది ఊళ్లకు పిండి విసిరిన ఏటిగట్టు మరలు ఒక్కొక్కటిగా మూగబోయాయి. కొన్ని కాలిపోయాయి, కొన్ని కూలిపోయాయి, కొన్ని పశువుల కొట్టాలయ్యాయి.

బ్రింటన్ మరను 1958లో చిత్రకారుడు ఆండ్రూ వైయెత్, ఆయన భార్య బెట్సీ కొని పునరుద్ధరించారు. ఆ మర కట్టడాలు ఆయన చిత్రాలలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 1979లో ఆయన వేసిన ‘నైట్ స్లీపర్’ చిత్రంలో ముందు భాగాన ఒక కుక్క నిద్రిస్తుంటుంది. కిటికీ అవతల రాత్రి వెలుగులో మర నిలిచి ఉంటుంది. 2009 జనవరిలో ఆయన చాడ్స్‌ఫోర్డ్‌లోనే కన్నుమూశారు. మూతపడిన మరను ఇల్లుగా చేసుకోవడం చరిత్రను చెరిపివేయడమే అవుతుందని వాదించే వారికి ఈ ఇల్లే సమాధానం. ఆ కట్టడాలను ప్రపంచం నేడు ఎరిగి ఉన్నదంటే, వాటిలో ఒక కుటుంబం కాపురముండి వాటిని శ్రద్ధగా చూసుకున్నందువల్లనే. కనుక నేను ఇల్లుగా మార్చడాన్ని వ్యతిరేకించడం లేదు. ఎలా మార్చాలన్నదే నా చర్చ.

గోడ: సున్నం మాట

మొదటిది గోడ. ఈ పాత గోడలలో రాళ్ల మధ్య ఉన్నది సిమెంటు కాదు, సున్నం. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. దాన్ని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి కాల్షియం ఆక్సైడు మిగులుతుంది. దానికి నీరు కలిపితే తడిసున్నం. ఇసుకతో కలిపి గోడలో పెట్టాక, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే రాయిగా మొదలై, రాయిగానే ముగుస్తుంది. మన పెద్దలు ఎద్దులను కట్టి గానుగలో ఆడించిన సున్నంతో కోటలు, మేడలు కట్టినదీ ఈ రసాయన సూత్రం మీదనే.

సున్నపు అతుకు మెత్తనిది, తేమను లోపలికి తీసుకొని బయటికి వదులుతుంది. ఏటి అంచున నిలిచే గోడకు ఈ గుణం ప్రాణావసరం. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు దీనికి భిన్నమైనది, కఠినమైనది. పాత గోడ అతుకులలో దాన్ని దట్టంగా కూరితే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు తేమ రాతి గుండా పోజూస్తుంది. దానితోపాటు లవణాలు రాతి ఉపరితలం వద్ద స్ఫటికాలై రాతిని పొరలుపొరలుగా రాలుస్తాయి. శీతకాలంలో గడ్డకట్టిన నీరు ఆ పనిని పూర్తి చేస్తుంది. అతుకు నిక్షేపంగా ఉంటుంది, రాయి పోతుంది! పాత గోడల అతుకులకు వాడే మిశ్రమం గోడలోని రాయి లేక ఇటుక కంటె మెత్తగా ఉండాలని అమెరికా జాతీయ పార్కుల సంస్థ ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే. పాత మరను కొన్నవారు తెలుసుకోవలసిన మొదటి పాఠం ఇది. మరమ్మతు ఎంత బలంగా ఉన్నదన్నది కాదు, ఆ గోడకు ఎంత ఒదిగినదన్నదే ముఖ్యం.

యంత్రం: మొదట బలి అయ్యేది

రెండవది యంత్రం. మరను ఇల్లుగా మార్చేటప్పుడు తరచుగా మొదట పోయేది ఇదే. కారణం అర్థం చేసుకోదగినదే. పెద్ద పెద్ద పళ్లచక్రాలు కింది అంతస్తును ఆక్రమిస్తాయి. అక్కడ వంటగదో ముందుగదో రావాలి. కాని ఆ పళ్లచక్రాలలోనే మరకు సంబంధించిన విజ్ఞానమంతా ఉన్నది. నీటిచక్రం నెమ్మదిగా, నిమిషానికి కొద్ది చుట్లు మాత్రమే తిరుగుతుంది. తిరగలి రాయి వేగంగా తిరగాలి. ఒక పెద్ద పళ్లచక్రం చిన్నదాన్ని, మళ్లీ మరొక పెద్దది మరొక చిన్నదాన్ని తిప్పే వరుస వల్ల ఆ వేగం సిద్ధిస్తుంది. ఇనుప పళ్లకు ఎదురుగా చెక్క పళ్లను అమర్చేవారు. ఏదైనా అడ్డుపడితే ఒక చెక్క పన్ను విరుగుతుంది, యంత్రం మొత్తం దక్కుతుంది. విరిగిన పన్నును ఆ సాయంత్రమే మార్చుకోవచ్చు. నేటి విద్యుత్ వలయంలో ఫ్యూజు చేసే పని ఇదే కదా!

రాళ్లు సైతం సామాన్యమైనవి కావు. శ్రేష్ఠమైనవి ఫ్రాన్సులోని లా ఫెర్తె-సు-జుఆర్ పరిసరాల నుండి వచ్చిన కఠినమైన సిలికా రాతి ముక్కలను కూర్చి, చుట్టూ ఇనుప పట్టీలు బిగించి చేసినవి. మన ఇళ్లలో తిరగలికి గంట్లు పెట్టించినట్లే, వీటి గాడులనూ తరచు ఉలితో పదును చేయాలి. రెండు రాళ్ల మధ్య ఎడం ఎక్కువైతే పిండి బరక, తక్కువైతే పిండి మాడుతుంది. ఆ ఎడాన్ని మరవాడు చేతి స్పర్శతో, వాసనతో నిర్ణయించేవాడు. ఆ జ్ఞానం ఏ పుస్తకంలోను పూర్తిగా లేదు. యంత్రం కనులముందు ఉంటేనే మరొకరికి చెప్పగలం. ఒక తిరగలి రాయిని వాకిట్లో ఆనించి, తక్కిన యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మివేసిన ఇంటిని కాపాడిన మర అనడం, చర్మం ఒలిచి గోడకు తగిలించి పులిని కాపాడామనడం వంటిది.

యంత్రాన్నంతా ఉంచుకోవడం ప్రతి కుటుంబానికీ సాధ్యం కాదు. కనీసం విప్పకముందు దాని కొలతలు, చిత్రాలు, ఛాయాచిత్రాలు తీసి స్థానిక చరిత్ర సంఘానికి అప్పగించడం సాధ్యమే. వీలైతే ఒక జత రాళ్లనూ, వాటిని తిప్పే చక్రాలనూ ఉన్నచోటనే ఉంచవచ్చు. ఇల్లు కొంచెం ఇరుకవుతుంది. ఆ ఇరుకే ఆ ఇంటికి అర్థం.

ఏరు: మరచిపోయిన భాగం

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది ఏరు. ఇక్కడ మర చరిత్ర కేవలం గర్వించదగిన కథగా మిగలదు. 2008 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కళాశాలకు చెందిన రాబర్ట్ వాల్టర్, డొరొతి మెరిట్స్ ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. 1840 నాటికి తూర్పు అమెరికాలో 65,000కు పైగా నీటిమరలు ఉండేవని ఆనాటి గణాంకాల ఆధారంగా వారు చూపారు. అడవులు నరికి వ్యవసాయం చేయడంతో కొండవాలుల నుండి కొట్టుకొచ్చిన మట్టి ఆ మరల కట్టల వెనుక పేరుకుపోయింది. తరువాత కట్టలు తెగినచోట ఏరు ఆ మట్టిని కోసుకుంటూ లోతుకు దిగింది. నిలువు గట్ల మధ్య వంకరటింకరగా పారే ఏరే ప్రకృతిసిద్ధమైన రూపమని భూగర్భ శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. ఈ ప్రాంతంలో అది చాలావరకు మరలు మిగిల్చిన రూపమనీ, వలసలకు పూర్వం ఇవి పచ్చిక బురదనేలల మధ్య చిన్న చిన్న పాయలుగా పారేవనీ వారు ప్రతిపాదించారు. మనం ప్రకృతి అని మురిసే దృశ్యంలో మరవాడి చేయి కూడా ఉన్నదన్నమాట. ఆ గట్లు నేటికీ కోసుకుపోతూ మట్టినీ, అందులోని భాస్వరాన్నీ దిగువ జలాలకు చేరుస్తున్నాయి.

ఇక చేపల సంగతి. షాడ్ అనే చేప సముద్రంలో పెరిగి, వసంతంలో మంచినీటి నదులకు ఎదురీది గుడ్లు పెడుతుంది. తెలుగువారికి దీన్ని వర్ణించి చెప్పనక్కరలేదు. మన గోదావరి పులసకు ఇది బంధువే. ఒకప్పుడు బ్రాండీవైన్‌లోకి విస్తారంగా వచ్చిన ఈ చేపకు మరల కట్టలు అడ్డునిలిచాయి. విల్మింగ్టన్‌లో ఏటికి అన్నిటికంటె దిగువన ఉన్న కట్టను 2019లో తొలగించారు. పైనున్న కట్టల సంగతి ఏమిటన్నది ఇంకా చర్చలో ఉన్న విషయం.

పాత కట్టను తొలగించడమంటే చరిత్రను తొలగించడమేనని కొందరు బాధపడతారు. వారి బాధ నాకు అర్థమవుతుంది, కాని వారి నిర్ణయంతో ఏకీభవించలేను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట కూడా పులసకు అడ్డే. అయితే అది లక్షల ఎకరాలకు నీరిచ్చి డెల్టాకు అన్నం పెట్టింది. ఆ లాభనష్టాలను తూచవచ్చు. విల్మింగ్టన్ నగరం తాగునీటిని బ్రాండీవైన్ నుండే తీసుకుంటున్నది. అందుకు తోడ్పడే కట్ట విషయంలోనూ తూకం అవసరమే. కాని నూరేళ్లుగా ఏ చక్రాన్నీ తిప్పక, ఎవరికీ నీరివ్వక, కేవలం ఇంటి ముందు చూడచక్కని నీటిపరద కోసం నిలిచిన కట్టకు చేప దారిని మూసే హక్కు ఎక్కడిది? ఉపయోగమున్న కట్ట వేరు, ఉపయోగం తీరిన కట్ట వేరు. రెండవదాన్ని కొలిచి, చిత్రించి, ఏటికి అడ్డులేని అంచు భాగాన్ని గుర్తుగా ఉంచి, తక్కినది తొలగించడమే వివేకం.

ఏరు తన సంగతి మరువనీయదు కూడా. 2021 సెప్టెంబరు మొదట్లో ఐడా తుపాను అవశేషాల వల్ల చాడ్స్‌ఫోర్డ్ వద్ద బ్రాండీవైన్ సుమారు 21 అడుగుల మట్టానికి పెరిగి పాత రికార్డులను దాటింది. హాఫ్‌మన్ మర అనే పాత పిండిమరలో 1971 నుండి నడుస్తున్న అక్కడి చిత్రకళా ప్రదర్శనశాల ఆవరణలోకి, కింది అంతస్తులోని గదులలోకి నీరు చేరింది. మర నీటి పక్కన ఉండక తప్పదు. ఎగువన పొలాలూ చెట్లూ ఉన్నంతకాలం ఆ నీరు నేలలోకి ఇంకుతుంది. ఎగువనంతా తారు, కాంక్రీటు పరిస్తే గోడ మీదికి వస్తుంది. 1967లో ఆరంభమైన బ్రాండీవైన్ పరిరక్షణ సంస్థ కట్టడాలతోపాటు ఏటి వెంబడి భూములను కూడా కాపాడే పనికి పూనుకున్నది అందుకే. ఇల్లు కాపాడాలంటే కొండవాలు కాపాడాలి.

ఏమి చేయాలి?

జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో పేరు చేరితే చాలునని చాలామంది అనుకుంటారు. ఆ పట్టిక గౌరవమే గాని కవచం కాదు. యజమాని తన సొంత ధనంతో లోపలి యంత్రాన్ని పీకివేస్తే ఆ పట్టిక ఆపలేదు. పాత కట్టడాలను పునరుద్ధరిస్తే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ ఆదాయం తెచ్చే కట్టడాలకే గాని, యజమాని తానే కాపురముండే ఇంటికి వర్తించదు. మరలో హోటలు పెట్టినవారికి సహాయం దొరుకుతుంది, కాపురం పెట్టినవారికి దొరకదు. ఇది న్యాయం కాదు. కాపురముండే వారికి కూడా రాయితీ ఇవ్వాలి, అయితే షరతులతో. గోడకు సున్నం వాడాలి. యంత్రాన్ని ఉంచాలి, లేదా సమగ్రంగా నమోదు చేయాలి. కట్ట విషయంలో ఏటి హితాన్ని అంగీకరించాలి. మూడింటికీ ఒప్పుకున్నవారే మరను కాపాడినవారు.

మనం ఈ దేశానికి వచ్చి స్థిరపడినవారం. ఈ ఏళ్ల నీరు తాగుతున్నవారం. వీటి మంచిచెడ్డలలో మనకూ భాగమున్నది. ఈసారి పిల్లలతో హేగ్లీకో చాడ్స్‌ఫోర్డ్‌కో వెళ్లినప్పుడు గోడల అందం చూసి తిరిగి రాక, మూడు ప్రశ్నలు వేయండి. ఈ గోడను దేనితో అతికారు? చక్రం తిప్పిన శక్తి రాయి దాకా ఎలా చేరింది? చేప ఈ కట్టను దాటగలదా? మొదటిది రసాయనశాస్త్రం, రెండవది భౌతికశాస్త్రం, మూడవది జీవశాస్త్రం. మన పిల్లలలో ఎవరైనా రేపు ఇటువంటి ఇంటిని కొనవచ్చు, లేదా ఇటువంటి కట్ట గురించి ఊరి సభలో ఓటు వేయవచ్చు. ఆనాటికి ఈ మూడు ప్రశ్నలూ వారికి గుర్తుంటే చాలు.